బండి ఆగినా బండ ఆగదు: గాంట్రీ క్రేన్ లెక్కలో ప్రీపోమాక్స్ పనితీరు

విజయనగరంలో ముగ్గురం కలిసి నడుపుకొనే మా డిజైన్ ఆఫీసుకు వచ్చే పనులలో ఎక్కువ భాగం గోదాము షెడ్లు, నీళ్ల ట్యాంకు స్టాండ్లు, పాత భవనాలకు అదనపు అంతస్తులు. వీటికి చేతిలెక్క, దానికి తోడు ఒక మామూలు ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. కిందటి ఏడాది టెక్కలి వైపున ఉన్న ఒక గ్రానైట్ కోత యార్డు కోసం గాంట్రీ క్రేన్ సరిచూసి పెట్టమని ఒక ఫ్యాబ్రికేటర్ అడిగినప్పుడు మాత్రం ఆ సరంజామా చాలలేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనే స్థోమత మాకు లేదు కనుక ఉచితంగా దొరికే ప్రీపోమాక్స్ అనే ఫైనైట్ ఎలిమెంట్ (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కకట్టే) సాఫ్ట్‌వేర్‌ను ఆ పనిలోకి దింపాము. ఎనిమిది నెలలుగా వాడుతున్న ఆ సాఫ్ట్‌వేర్ గురించి, ముఖ్యంగా నిర్మాణంలో కొన్ని భాగాలకు మాత్రమే త్వరణ భారం ఇవ్వవలసి వచ్చినప్పుడు అది ఎంతవరకు అక్కరకు వస్తుందనే దాని గురించి ఈ సమీక్ష.

ముందు అసలు సమస్య చెప్పాలి. కాళ్ల మధ్య 12 మీటర్ల దూరం, ఒక వైపు 1.5 మీటర్ల బయటి చేయి, పైన దూలాల మీద నడిచే ట్రాలీ, దాని కింద తాళ్లకు వేలాడే రాతి దిమ్మె. దూలాలు, కాళ్లు కలిపి 5 టన్నులు, ట్రాలీ 1.28 టన్నులు. దిమ్మె 3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు, 0.8 మీటర్ల మందం, అంటే 3.6 ఘనపు మీటర్లు. గ్రానైట్‌కు ఘనపు మీటరుకు 2.7 టన్నుల చొప్పున 9.72 టన్నులు. యార్డు చూడటానికి వెళ్లిన రోజున, అక్కడ పాత క్రేన్ నడిపే పెద్దాయన మా డ్రాయింగు వైపు ఓ చూపు చూసి, "లెక్కలు మీవే గానీ బాబూ, బ్రేకు కొడితే బండి ఆగిపోద్ది, బండ ఆగదు గదా!" అన్నారు. మేము చేయవలసిన విశ్లేషణ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. బ్రేకు వేసినప్పుడు వేగం మారేది ట్రాలీకి, దాని కింద ఉన్న రాతికి మాత్రమే. దూలాలూ కాళ్లూ అప్పటికే నిలకడగా ఉన్నాయి, వాటికి ఆ త్వరణం లేదు. అందువల్ల జడత్వ బలాన్ని ఆ రెండు భాగాలకే ఇవ్వాలి, తక్కిన వాటికి భూమి ఆకర్షణ ఒక్కటే ఉండాలి.

చాలామంది ఈ చిక్కును పక్కన పెట్టి మొత్తం మోడల్‌కు ఒకే త్వరణం ఇచ్చేస్తారు, "ఎక్కువే కదా పడేది, సేఫ్ సైడ్" అని సర్దుకుంటారు. నేనూ కొంతకాలం ఆ బాపతే. ఈ క్రేన్ దగ్గర ఆ నమ్మకం ఎలా వీగిపోయిందో కింద చెబుతాను.

ప్రీపోమాక్స్ స్లొవేనియాలోని మారిబోర్ విశ్వవిద్యాలయానికి చెందిన మతేయ్ బొరోవిన్‌షెక్ తయారుచేసినది. ఇది లెక్కకట్టే యంత్రం కాదు. మోడల్‌ను సిద్ధం చేయడానికి, ఫలితాలను చూడటానికి ఉపయోగపడే ముందు గది, వెనక గది మాత్రమే. మధ్యలో సమీకరణాలను సాధించేది కాల్క్యులిక్స్ అనే సాల్వర్. దానిని జర్మనీలో విమాన ఇంజన్ల సంస్థ ఎం.టీ.యూ.లో పనిచేసిన గీడో డోంట్, క్లౌస్ విట్టిగ్ రూపొందించారు. రెండూ ఉచితమే. జిప్ ఫైలు దించుకొని విప్పితే సాల్వర్ కూడా అందులోనే ఉంటుంది, ఇన్‌స్టాల్ చేసే తంతు లేదు. విండోస్ కంప్యూటర్ మాత్రం ఉండాలి. బొమ్మ గీసే సదుపాయం ఇందులో లేదు కనుక, వేరే చోట గీసి స్టెప్ ఫైలుగా తెచ్చుకోవాలి. మా దగ్గర 8 జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద ఈ క్రేన్ మోడల్ ఒక్కసారి సాధించడానికి సుమారు పావుగంట పట్టింది, అది నాకు ఫిర్యాదుగా తోచలేదు.

త్వరణ భారానికి ఇందులో వాడవలసింది గ్రావిటీ అనే లోడ్. పేరు చూసి ఇది స్వభారానికి మాత్రమే అనుకొని నేను మొదటి వారం దాని జోలికి పోలేదు. నిజానికి అది మూడు దిశల అంశాలు అడిగే ఒక త్వరణ సదిశ. సెకనుకు సెకనుకు మిల్లీమీటర్లలో చెబితే, భూమి ఆకర్షణకు నిలువు దిశలో మైనస్ 9810 ఇస్తాము, బ్రేకుకు అడ్డ దిశలో 300 ఇస్తాము, సాల్వర్‌కు రెండూ ఒకటే. అంతకన్నా విలువైన సంగతి ఏమిటంటే, ఆ లోడ్ ఎవరికి అన్నది మనమే ఎంచుకోవచ్చు. తెర మీద భాగాన్ని నొక్కి చూపవచ్చు, లేదా ముందే పేరు పెట్టుకున్న ఎలిమెంట్ల (లెక్క కోసం మోడల్‌ను విడగొట్టిన ముక్కల) సమూహాన్ని ఇవ్వవచ్చు. ఇది కాల్క్యులిక్స్ స్వభావం నుంచి వచ్చిన సుగుణం. దాని ఇన్‌పుట్ ఫైలులో డీలోడ్ అనే కీవర్డు కింద ఎలిమెంట్ సమూహం పేరు, గ్రావ్ అనే గుర్తు, త్వరణ పరిమాణం, దిశ వరుసగా రాస్తారు. సమూహం పేరు మొదట రావడంతోనే భారం భాగానికి కట్టుబడుతుంది.

తక్కిన సాఫ్ట్‌వేర్లలో ఈ పని ఇంత నేరుగా జరగదు. ఇంతకుముందు నేను ఉద్యోగం చేసిన చోట ఆన్సిస్ వాడేవాళ్లం. అందులో పాత ఏసెల్ ఆదేశం మొత్తం మోడల్‌కు వర్తిస్తుంది, ఎంచుకున్న ఎలిమెంట్లకు మాత్రమే కావాలంటే సీఎమ్‌ఏసెల్ అనే వేరే ఆదేశం ఉంది. నాస్ట్రాన్‌లో గ్రావ్ కార్డు మొత్తానికి, ఏసెల్-1 కార్డు ఎంచుకున్న నోడ్లకు, అంటే ఎలిమెంట్లు కలుసుకునే బిందువులకు. ఈ నోడ్ల పద్ధతిలో ఒక మెలిక ఉంది. రెండు భాగాలు కలిసే గీత మీద ఉన్న నోడు ఇద్దరిదీ. దానికి త్వరణం ఇస్తే, ఆ నోడు దగ్గర పోగైన పక్క భాగపు ద్రవ్యరాశి కూడా లెక్కలోకి జొరబడుతుంది. ఎలిమెంట్ల పద్ధతిలో ఈ బాధ లేదు, ఎందుకంటే గీత మీది నోడు ఉమ్మడిదైనా ఎలిమెంటు మాత్రం ఎప్పుడూ ఒక్కరిదే. మెష్, అంటే ఎలిమెంట్ల అల్లిక, ముతకగా ఉన్నప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

గుర్తు విషయంలో, అంటే ప్లస్సా మైనస్సా అన్న దాంట్లో, ఆన్సిస్ అలవాటు ఉన్నవారు ఇక్కడ కచ్చితంగా ఒకసారి తడబడతారు. ఏసెల్ ఆదేశంలో మనం ఇచ్చేది ఆధారం త్వరణం, బలం దానికి వ్యతిరేక దిశలో పుడుతుంది. అందుకే బరువు కిందికి పడాలంటే అందులో పైకి ఇవ్వాలి. కాల్క్యులిక్స్ గ్రావ్‌లో మనం ఇచ్చే దిశలోనే బలం పుడుతుంది. మా ట్రాలీ కుడికి వెళుతూ ఆగుతోంది అనుకుంటే, దాని త్వరణం ఎడమకు, జడత్వ బలం కుడికి. కనుక ఇక్కడ కుడికే ఇవ్వాలి. బస్సు బ్రేకు వేస్తే మనం ఎటు తూలుతామో అటు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు. ప్రీపోమాక్స్ కొత్త మోడల్ తెరవగానే ప్రమాణాల పద్ధతి ఏది కావాలో అడుగుతుంది. నేను మిల్లీమీటరు, టన్ను, సెకను ఎంచుకున్నాను. ఆ పద్ధతిలో బలం న్యూటన్లలో వస్తుంది, ఉక్కు సాంద్రత 0.00000000785 అవుతుంది, గ్రానైట్‌ది 0.0000000027. ఈ సున్నాలను మూడుసార్లు లెక్కపెట్టి జాగ్రత్తగా కొట్టిన నేను, గురుత్వం దగ్గరకు వచ్చేసరికి చేతి అలవాటుగా 9.81 కొట్టేశాను. 9810 కొట్టాలి. సాంద్రత అసలు ఇవ్వకపోతే సాల్వర్ గోల చేసి ఆగిపోతుంది, కానీ తప్పు త్వరణం ఇస్తే దానికి అభ్యంతరం ఉండదు. లెక్క పూర్తయ్యాక ఆధారాల దగ్గర ప్రతిచర్యల మొత్తం 156.96 అని చూపించింది. 16 టన్నులను 9.81తో గుణించి నేను కాగితం మీద ముందే వేసుకున్న అంకె కూడా అదే, 156.96. నా కళ్లు సంతృప్తి పడ్డాయి. కాగితం మీదిది కిలోన్యూటన్లు, తెర మీదిది న్యూటన్లు అన్న సంగతి మర్నాడు ఉదయం దాకా బుర్రకు ఎక్కలేదు. చేతిలెక్కలో 9 మిల్లీమీటర్లు వంగవలసిన దూలం 0.009 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుక మందమంత కూడా వంగలేదని చూశాక తెల్లబోయాను. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. అంకె పెట్టెలో ప్రమాణం పక్కనే రాసి చూపిస్తున్నా చదవని మనిషి తప్పు. సరిదిద్దాక మొత్తం 1,56,960 న్యూటన్లు వచ్చింది. అప్పటి నుంచి ప్రతి మోడల్‌లోనూ ప్రతిచర్యల మొత్తాన్ని హిస్టరీ అవుట్‌పుట్‌లో పెట్టి, అడ్డ దిశకు వేరుగా, నిలువు దిశకు వేరుగా చూసుకోనిదే ఒత్తిడి రంగుల జోలికి పోవడం లేదు.

ఇక భాగాల వారీ భారం. ట్రాలీ వేగం నిమిషానికి 20 మీటర్లు, బ్రేకు త్వరణం సెకనుకు సెకనుకు 0.3 మీటర్లు అనుకున్నాము. ట్రాలీకి, దిమ్మెకు మాత్రమే 300 ఇస్తే అడ్డ బలం 11 టన్నుల మీద 3,300 న్యూటన్లు. మొత్తం మోడల్‌కు ఇచ్చి ఉంటే 16 టన్నుల మీద 4,800. ఎక్కువ ఇచ్చాం కదా అని ఇక్కడ ఆగిపోయి ఉంటే కొంప మునిగేది, ఎందుకంటే దిమ్మె తాడుకు వేలాడుతోంది. ట్రాలీ వేగం ఉన్నట్టుండి మారితే వేలాడే బరువు నెమ్మదిగా కొత్త కోణానికి చేరి అక్కడ నిలవదు, దాన్ని దాటి ఊగుతుంది. త్వరణం ఉన్నపళంగా మొదలై నిలకడగా కొనసాగితే ఆ ఊపు, నిలకడ కోణానికి రెండింతల దాకా పోతుంది. ఈ గరిష్ఠ హద్దును పట్టుకొని దిమ్మెకు 600, ట్రాలీకి 300, దూలాలకూ కాళ్లకూ సున్నా ఇచ్చాము. దిమ్మె వాటా 5,832, ట్రాలీ వాటా 384, కలిపి 6,216 న్యూటన్లు. ఇప్పుడు చూడండి, "సేఫ్ సైడ్" అని మొత్తానికి పూసిన 4,800 దీనికి ఎంత దిగువన ఉందో! పైగా అందులో 1,500 న్యూటన్లు కదలని దూలాలకు, కాళ్లకు అంటగట్టిన దొంగ బలం.

ఒకే భాగానికి భూమి ఆకర్షణను ఒక లోడ్‌గా, బ్రేకును ఇంకో లోడ్‌గా పెట్టకుండా, భాగానికి ఒక్కటి చొప్పున మూడే సదిశలు రాసుకున్నాము: దిమ్మెకు అడ్డంగా 600, నిలువున మైనస్ 9810, ట్రాలీకి 300, మైనస్ 9810, తక్కిన వాటికి 0, మైనస్ 9810. తెర ఎడమ పక్కన చెట్టు కొమ్మల్లా కనిపించే జాబితాలో మూడు లోడ్లకు మూడు తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాలతో పెట్టాము. ఏది ఎక్కడ పడుతోందో, దేనినైనా తాత్కాలికంగా ఆపి ఉంచామో తెర చూస్తే తెలిసిపోతుంది. మూడు నెలల తరువాత ఫైలు తెరిచిన మా భాగస్వామికి నేను ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు. ఈ ఒక్క సౌకర్యానికే నేను ఈ సాఫ్ట్‌వేర్‌కు మంచి మార్కులు వేస్తాను.

దిమ్మెను ఎక్కడ పెట్టాలన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు, మనకే తెలియాలి. మొదట నేను దిమ్మెను నిజంగా ఉండే చోటే, కప్పీకి 5 మీటర్ల కింద గీసి, తాడు బదులు సన్నని ఉక్కు కడ్డీతో ట్రాలీకి తగిలించాను. ఫలితంలో ట్రాలీ ఒక పక్క చక్రాలు దూలాన్ని వదిలి పైకి లేవాలని చూస్తున్నాయి. తాడు లాగగలదే తప్ప వంపును మోయలేదు; కడ్డీ మాత్రం 5 మీటర్ల కింద పుట్టిన అడ్డ బలాన్ని వంపుగా మార్చి నమ్మకంగా పైకి తెచ్చి ఇచ్చింది. ఆ తరువాత అంతే ద్రవ్యరాశి ఉన్న దిమ్మెను దాని గరిమనాభి సరిగ్గా కప్పీ ఎత్తులో ఉండేటట్టు జరిపి, నాలుగు చిన్న మెత్తల దగ్గర మాత్రమే టై చేశాను, అంటే అతికినట్టు కలిపాను. మెత్తలు పెద్దవైతే రాయి ట్రాలీకి లేని గట్టితనాన్ని అరువు ఇస్తుంది. రాతి దిమ్మె ట్రాలీ ఫ్రేములోకి దూరినట్టు కనిపించే ఆ బొమ్మను చూసి ఫ్యాబ్రికేటర్ నవ్వారు కానీ, చక్రాల మీది భారాలు మాత్రం చేతిలెక్కతో సరిపోయాయి.

బయటి చేయి సంగతి ఇంకా ఆసక్తికరం. దిమ్మె ఆ చేయి కొసన, కాలికి 1.5 మీటర్ల బయట ఉన్నప్పుడు క్రేన్‌ను బోర్లా తోసేది 11 టన్నులు ఇంటూ 1.5, అంటే 16.5 టన్ను-మీటర్లు. నిలబెట్టేది 5 టన్నుల సొంత బరువు. దాని గరిమనాభి ఆ కాలికి లోపలి వైపు సుమారు 5.4 మీటర్ల దూరంలో ఉంది కనుక 27 టన్ను-మీటర్లు. నిష్పత్తి 1.64. ఇప్పుడు వదులుగా ఉన్న తాడు ఒక్కసారి బిగిసి రాయి లేచేటప్పుడు 20 శాతం అదనం అనుకుందాం. ఆ 20 శాతాన్ని మొత్తం మోడల్‌కు గురుత్వం పెంచి ఇస్తే, తోసేదీ పెరుగుతుంది, నిలబెట్టేదీ పెరుగుతుంది. నిష్పత్తి ఇసుమంతైనా కదలకుండా 1.64 దగ్గరే కూర్చుంటుంది. దిమ్మెకు మాత్రమే 11,772 ఇస్తే అది 1.39కి దిగుతుంది. మొదటి లెక్క క్రేన్ గురించి మనకు చెప్పిందేమీ లేదు.

ఇక లోపాలు. గ్రావ్ భారం ఎంచుకున్న సమూహం అంతటికీ ఒకే విలువ. ఎత్తు పెరిగే కొద్దీ త్వరణం పెరగాలంటే, ఉదాహరణకు పొడవాటి చిమ్నీకి గాని టవరుకు గాని, దానిని అడ్డంగా ముక్కలు కోసి ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క విలువ మెట్లు మెట్లుగా ఇవ్వాలి. మా ఊరి వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు. పైడితల్లమ్మ పండగలో రథం ఒక్క కుదుపు కుదిపితే మొదలు దగ్గర పట్టుకున్న వాళ్లకు కొంచెమే తెలుస్తుంది, సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చున్న పూజారికి తెలిసేది వేరు. నాస్ట్రాన్‌లో ఏసెల్ కార్డు స్థానాన్ని బట్టి మారే త్వరణాన్ని పట్టికగా తీసుకుంటుంది; అలాంటిది ఇక్కడ ఉంటే బాగుండేది. తిరిగే భాగాలకు సెంట్రిఫ్యూగల్ లోడ్ ఉంది, అది కూడా భాగాల వారీగా ఇవ్వవచ్చు కనుక ఫ్యాన్ చక్రానికి ఇచ్చి తొడుగుకు ఇవ్వకుండా వదిలేయవచ్చు. అయితే ఇన్‌పుట్ ఫైలును చేత్తో రాసేవారు, కాల్క్యులిక్స్ కోణీయ వేగాన్ని కాదు, దాని వర్గాన్ని అడుగుతుందని మరచిపోకూడదు: నిమిషానికి 1,440 చుట్లంటే సెకనుకు 150.8 రేడియన్లు, కానీ ఇవ్వవలసింది 150.8 కాదు, దాని వర్గం, సుమారు 22,740.

పలకలతో చేసిన పెట్టె దూలాలకు షెల్ ఎలిమెంట్లు వాడితే, కాల్క్యులిక్స్ వాటిని లోపల ఘన ఎలిమెంట్లుగా ఉబ్బించి లెక్క కడుతుంది, పలకలు కలిసే మూలలను బిగుసుకుపోయిన ముడులుగా చూస్తుంది. బరువుల లెక్కకు దానితో ఇబ్బంది లేదు గానీ, వెల్డు పక్కన వచ్చే ఒత్తిడి అంకెను నేను నమ్మను. కాలు దూలాన్ని కలిసే చోట మాత్రం ఘన ఎలిమెంట్లతో వేరే చిన్న మోడల్ చేసుకున్నాము. ఇంకొకటి, నాలుగు చక్రాలనూ దూలానికి టై చేస్తే అడ్డ బలం నాలుగింటికీ పంచుకుపోతుంది. నిజానికి బ్రేకు ఉండేది మోటారు తిప్పే చక్రాలకే. ఇది మేము ఆలస్యంగా గమనించి సరిచేసుకున్నాము.

నెలకు ఒకటో రెండో ఇలాంటి పనులు వచ్చే చిన్న ఆఫీసులకు, ఫైనైట్ ఎలిమెంట్ చదువుకొని చేత్తో లెక్క సరిచూసుకోగల వారికి ప్రీపోమాక్స్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. భారత ప్రమాణాల ప్రకారం లోడ్ కలయికలు వేసి, రిపోర్టు అచ్చువేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ కావాలనుకునే వారు దీని దగ్గరకు రావద్దు. అది ఆ పని చేస్తానని ఎన్నడూ చెప్పలేదు.

కొత్త క్రేన్ నిలబెట్టిన తరువాత లోడ్ పరీక్ష రోజున మేము ఒక చిన్న కొలత తీసుకున్నాము. రెండింతల ఊపు అనేది హద్దు మాత్రమే. నిమిషానికి 20 మీటర్ల వేగం 0.3 త్వరణంతో ఆగడానికి 1.1 సెకన్లు పడుతుంది, 5 మీటర్ల తాడు ఒకసారి ఊగి రావడానికి 4.5 సెకన్లు. బ్రేకు అంత త్వరగా ముగిసిపోతే ఊపు నిలకడ కోణానికి 1.4 రెట్లకు మించదు, అంటే దిమ్మె సుమారు 21 సెంటీమీటర్లు ముందుకు పోవాలి. రెండింతలైతే 30 దాటేది. నేల మీద సుద్దగీత గీసి, దిమ్మె అంచుకు తూకపుగుండు కట్టి, అదే పెద్దాయన చేత బ్రేకు వేయించాము. మా కుర్రవాడు టేపు పట్టి 19 అని అరిచాడు. రెండోసారి 20 వచ్చింది. పెద్దాయన క్యాబిన్ నుంచి తల బయట పెట్టి, మూడోసారి కూడా కొట్టమంటారా అని అడిగారు.